లోషా పెంచిన పెద్దాయన

లోషా ఇంటికి తిన్నగా నడిచివెళ్ళే మనిషి మా ఊరు నిచిమ్ విట్స్‌లో ఒక్కరూ లేరు. రోడ్డు మీదే నిలబడి, "లోషా, పెద్దాయన కట్టేసి ఉన్నాడా?" అని కేకేసి, "ఉన్నాడు, రండి" అన్న మాట చెవిన పడ్డాకే కంచె దాటేవారు. ఉన్నాడని చెప్పినా కొందరు చేతిలో కర్ర వదిలేవారు కాదు. ఆ పెద్దాయన మనిషి కాదు, నల్లటి పొట్టేలు. కొమ్ములు రెండూ చెవుల చుట్టూ మెలితిరిగి ఉండేవి. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయన ఒకసారి నీళ్ళ తొట్టి గట్టు మీదికెక్కి పొద్దుగూకే దాకా దిగలేదు. ఆ నెల లోషాకి బిల్లే రాలేదు.

మూడేళ్ళ కిందట ఆమె మొగుడు మికెల్ దగ్గుతో మంచం పట్టి పోయాడు. ఆయన కోసం వెలిగించిన కొవ్వొత్తులు ఆరకముందే దొడ్డిలో ఒక గొర్రె ఈని, ఆ పూటే చచ్చిపోయింది. పిల్ల మిగిలింది. వేరే ఆడవాళ్ళయితే ఆ పిల్లని ఇంకో గొర్రెకి అలవాటు చేసి పాలు తాగించేవారు. లోషాకి అంత ఓపిక లేదు. ఓపిక లేదని ఆమె అంటుంది గానీ, అసలు సంగతి ఇల్లు బావురుమంటూ ఉండటం. పిల్లని శాలువాలో వీపున కట్టుకుని, చంటిబిడ్డని మోసినట్టే మోసుకుంటూ వంటింట్లోకి తెచ్చేసింది. పొయ్యి పక్కన బుట్టలో పడుకోబెట్టి సీసాతో పాలు పట్టింది. దాని మొహం నిండా ముడతలు.

"అచ్చం ముసలాడిలా ఉన్నావురా," అంది.

చివరి పదేళ్ళూ మికెల్‌ని ఆమె "మోల్" అనే పిలిచేది. మోల్ అంటే మా మాటలో పెద్దాయన. మనిషి పోయాక పిలుపొక్కటే నోట్లో మిగిలిపోయింది. దాన్ని తీసి ఈ పిల్లకి పెట్టేసింది. ఊళ్ళో ఆడవాళ్ళు ఊరుకుంటారా. "లోషా మళ్ళీ సంసారం పెట్టింది, ఈసారి మొగుడికి బొచ్చెక్కువ," అని నీళ్ళ దగ్గర ఒకటే నవ్వులు. లోషా ఏమీ అనుకోలేదు. "తాగొచ్చి గొడవ చెయ్యడు, అది చాలు," అనేది.

పొద్దున లేవగానే వాళ్ళిద్దరికీ ఒక ఆట ఉండేది. ఆమె దాని నుదుటి మీద అరచెయ్యి ఆనించి మెల్లగా తోసేది. అది కాళ్ళు తన్నిపెట్టి తిరిగి తోసేది. ఆమె వెనక్కి పడిపోయినట్టు నటించి, నేల మీద కూర్చుని నవ్వేది. ఆ ఏడాది మొత్తానికి లోషా నవ్విన నవ్వులన్నీ ఆ ఆటలోవే.

పిల్ల పెరిగింది, ఆట మాత్రం మానలేదు. రెండో ఏటికి లోషా పడిపోయినట్టు నటించాల్సిన పని లేకుండా పోయింది. నిజంగానే పడిపోయేది. మోకాలి మీద నల్లటి మచ్చ చూపించి, "మా పెద్దాయనకి బలం చూడండి," అని మురిసిపోయేది. ముద్దు ఎక్కువై నెత్తికెక్కాడని ఎవరు చెప్పినా చెవిన వేసుకోలేదు.

చివరికి కోడలి దాకా వచ్చింది. షున్కాకి ఏడో నెల. తొట్టి దగ్గర వంగి బిందె ముంచుతుంటే పెద్దాయన వెనక నుంచి వచ్చి ఒక్కటిచ్చాడు. చేతుల మీద పడబట్టి సరిపోయింది. మణికట్టు వాచింది, బిడ్డకి ఏమీ కాలేదు. మంత్రసాని కడుపు మీద చెయ్యి వేసి, "కదులుతోంది, భయం లేదు," అన్నాక గానీ లోషా ఊపిరి పీల్చుకోలేదు.

"అత్తా, నేను మా అమ్మ దగ్గరికి పోతున్నా," అంది షున్కా. కోపంగా కూడా కాదు, బట్టలు మూట కట్టుకుంటూ మామూలుగా అంది. "పురుడు అక్కడే. వాడుండగా బిడ్డతో ఈ గడప తొక్కను."

కొడుకు లోల్ మాత్రం రెండే మాటలన్నాడు. శనివారం పట్నం నుంచి గొర్రెలు కొనే లారీ వస్తుందట, ఎక్కించేద్దామట.

ఆ లారీ ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. మెక్సికో కొండల్లో ఉండే మా చమూలా వాళ్ళం గొర్రె మాంసం ముట్టం. గొర్రె సాన్ హువాన్ స్వామిది. బొచ్చు ఇస్తుంది, మేం నేసి కడతాం, అది చచ్చిపోతే మట్టిలో పెడతాం. పట్నం వాళ్ళు తింటారు, వాళ్ళిష్టం. తెలిసి తెలిసి ఆ లారీ ఎక్కించిన ఆడది తర్వాత గుళ్ళో స్వామి మొహం ఎలా చూస్తుంది? పైగా వీడు పొయ్యి దగ్గర పెరిగినవాడు.

లోషా కోడలి మూట మీద చెయ్యి వేసింది. "నాకు మూడు నెలలివ్వమ్మా. నువ్వు బిడ్డతో వచ్చిన రోజు వాడు తల వంచి మీదికొస్తే, ఆ వారమే నా చేత్తో లారీ ఎక్కిస్తా."

"నీ చేత్తోనా?"

"నా చేత్తోనే."

షున్కా అత్త మొహంలోకి చూసి, సరేనంది.

మర్నాడు లోషా వదినగారింటికి వెళ్ళింది. పష్కు మికెల్‌కి అక్క. నలభై గొర్రెల మంద ఆమెది. ఆ విద్యలో కొమ్ములు తిరిగిన మనిషి, నోరు కూడా అంతే. లోషా వెంట వాళ్ళ దొడ్డికి వచ్చి కంచె బయట నిలబడి, "రోజూ ఏం చేస్తావో అది చెయ్యి," అంది. లోషా లోపలికెళ్ళి పొట్టేలు నుదుటి మీద అరచెయ్యి పెట్టింది.

"చాల్లే, బయటికి రా," అంది పష్కు. "రోజూ పొద్దున్నే పోట్లాటకి పిలిచి, వచ్చాడని ఏడుస్తున్నావా?"

"పోట్లాటేంటి వదినా, ముద్దు చేస్తున్నా."

"నీకు ముద్దు. పొట్టేలుకి నుదురు తోస్తే, రా చూసుకుందాం అని. రోజూ పిలిచావు, రోజూ ఓడిపోయావు, పైగా కూర్చుని నవ్వావు. వాడు నిన్ను గొర్రె అనుకుంటున్నాడే పిచ్చిదానా. ఓడిపోయిన గొర్రె."

 మూడేళ్ళ ఆట మొత్తం ఒక్కసారి లోషా కళ్ళ ముందు తిరిగింది. వాడికి కుమ్మడం నేర్పింది ఎవరో కాదు, తనే.

"మరిప్పుడేం చెయ్యను?"

"పరాయిదానివైపో," అంది పష్కు. "తల ముట్టుకోకు. చేత్తో గింజ పెట్టకు. మందలో పడెయ్, మందలోనే తిననీ. వాడికి వీపు తిప్పకు. మీదికొస్తే పరిగెత్తకు, మొహాన నీళ్ళు కొట్టు. పేరు పెట్టి పిలవకు."

"పేరు కూడానా?"

 ఆ పేరు ఎవరిదో పష్కుకి తెలియనిదా. "పేరు కూడా," అంది.

మిగతావన్నీ ఒక ఎత్తు, ఆ పేరొక్కటీ ఒక ఎత్తు. మొదటి వారం పొద్దున్నే పొట్టేలు దొడ్డి చెక్కల సందులోంచి తల పెట్టి అరిచేది. లోషా వంటింట్లో రొట్టె కాలుస్తూ ఆ అరుపు వినేది. నోటి దాకా వచ్చిన మాటని మింగేసేది. నీళ్ళు నింపిన సొరకాయ బుర్ర పట్టుకుని దొడ్డిలోకి వెళ్ళేది. వాడు ఆటకి తల వంచగానే కళ్ళ మధ్య చన్నీళ్ళు. మొదటిసారి కొట్టినప్పుడు వాడు తల విదిలించి, ఇదేం ఆట అన్నట్టు ఆమె వంక చూశాడు. లోషా గుండె రాయి చేసుకుని మళ్ళీ బుర్ర ఎత్తింది. పదిహేను రోజులకోసారి చెక్కలు పీకి, దొడ్డిని చేలో ఇంకో పక్కకి మార్చేటప్పుడు, ఎరువు పడిన నేలని చూసి ఆనందించే మనిషి, ఆ మూడు నెలలూ ఏమీ చూడలేదు. ఏడ్చింది మాత్రం నీళ్ళ తొట్టి దగ్గరే, మొహం కడుక్కున్నట్టు కనపడుతుందని.

నెల తిరిగేసరికి వాడు అరవడం మానేశాడు. ఇంకొన్నాళ్ళకి బుర్ర కనపడితే చాలు, పక్కకి జరిగేవాడు.

షున్కా ఒక ఆదివారం వచ్చింది. వీపున ఆడపిల్ల, పక్కన పష్కు. ఇంట్లోకి రాకుండా తిన్నగా దొడ్డి దగ్గరికే నడిచి కంచె బయట ఆగింది.

"అత్తా, నువ్వు లోపలికెళ్ళు. బుర్ర ఇక్కడ పెట్టు. వాడికి వీపు తిప్పి నిలబడు."

"వీపు తిప్పొద్దని నేనే చెప్పాను," అని పష్కు గొణిగింది.

"నా బిడ్డకి వీపు తిప్పకూడదని ఎవరు చెప్తారు పెద్దమ్మా?"

అది న్యాయమే. లోషా బుర్ర కింద పెట్టి లోపలికెళ్ళింది. గొర్రెలు ఒక మూల సర్దుకున్నాయి. పొట్టేలు తలెత్తి చూశాడు. ఆమె వీపు తిప్పి, చేతులు శాలువాలో దాచుకుని నిలబడింది. గిట్టల చప్పుడు కోసం చెవులు రిక్కించింది. వాడు కుమ్మితే శనివారం లారీ. కుమ్మకపోతే బతుకుతాడు. అది తెలిసి కూడా, ఒక్క క్షణం, ఆ చప్పుడు వస్తే బాగుండనిపించింది ఆ తల్లికి. పాత చప్పుడు, పొద్దుటి ఆట చప్పుడు.

రాలేదు. చాలాసేపటికి తిరిగి చూసింది. పొట్టేలు రెండడుగులు వెనక్కి వేసి, మిగతా గొర్రెల వెనక్కి వెళ్ళిపోయాడు.

"భయం నేర్చాడు," అంది షున్కా, తేలికపడి.

"నేర్చాడు," అంది లోషా. బయటికొచ్చి మనవరాలిని ఎత్తుకుని, పొయ్యి ఊదడానికి లోపలికెళ్ళింది.

మరుసటి నెల బొచ్చు కత్తిరించే పని పడింది. ఆ ఏడు చంటిపిల్లకి మొదటి పావడా నెయ్యాలి, రంగు వెయ్యక్కర్లేని నల్ల బొచ్చు ఆ మందలో వాడొక్కడిదే. పష్కు వాడు కదలకుండా వాడి కాళ్ళు పట్టుకుంది. లోషా పద్ధతి ప్రకారం వాడి కళ్ళ మీద తన శాలువా కప్పి, తల ఒళ్ళో పెట్టుకుని కత్తిరించసాగింది. కత్తెర నుదుటి దాకా వచ్చింది. ఖాళీగా ఉన్న చెయ్యి అలవాటుగా నుదుటి మీదికి వెళ్ళబోయి ఆగి, గడ్డం కిందికి జారింది. అక్కడ మెల్లగా గోకింది. కళ్ళు కప్పి ఉన్నాయి, ఎవరి చెయ్యో వాడికి తెలియదు. లోషా వంగి, ఊపిరి తీసినంత చప్పుడుతో, "మోల్," అంది.

శాలువా కింద ఒక చెవి ఇటు తిరిగింది.

"ఏమన్నావ్?" అంది పష్కు, తల ఎత్తకుండా.

"ఏం లేదు వదినా. కత్తెర మొద్దుబారింది."

"ఊఁ," అంది పష్కు. "ఇంకోసారి అనకు."