గార్డు తాత మూడు పటాకులు

నా చిన్నప్పుడు, డెబ్బైల చివరి రోజుల్లో, ఒక చిన్న రైలెక్కి చచ్చేంత భయపడ్డాను. ఆ సంగతి ఇన్నేళ్లకు రాసి పెట్టడానికి కారణం ఉంది. ఆ పట్టాలు ఇప్పుడు లేవు. వాటిని పీకేసి పెద్ద పట్టాలు వేశారు. ఆ రోజు నాతో ఆ పెట్టెలో కూర్చున్నవాళ్లలో, నాకు తెలిసినంతవరకు, మా చిన్నమ్మ ఒక్కతే మిగిలింది. రైళ్ల మీద మా గ్రంథాలయంలో దొరికిన పుస్తకాలన్నీ తిరగేశాను. ఇంజిన్ల బరువులు, వంతెనల పొడవులు అన్నీ ఉన్నాయి. అడవి మధ్యలో ఆగిపోయిన బండిలో కూర్చున్నవాళ్ల సంగతి మాత్రం ఎందులోనూ లేదు. అందుకని నేనే రాస్తున్నాను.

మాది వరంగల్. మా చిన్నమ్మను చాందా అవతల అడవిలో వెదురు బొంగుల డిపోలో పనిచేసే ఆయనకు ఇచ్చారు. ఆమెకు తొలిచూలు, ఏడో నెల. పుట్టింటికి తీసుకురావడానికి మా అమ్మమ్మ బయలుదేరుతూ, స్టేషన్ల పేర్లు చదివి చెప్పడానికి నన్ను వెంటబెట్టుకుంది. నాకప్పుడు పదకొండేళ్లు. మా ఇంట్లో అక్షరం ముక్క వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. బడిలో నేర్చుకున్నది తక్కువ. సాయంత్రాలు గ్రంథాలయంలో బల్ల మీద ఏది కనిపిస్తే అది చదివేదాన్ని. ఆ ప్రయాణానికి వారం ముందు ఒక పాత పత్రికలో, ఎక్కడో ఒంటి పట్టా మీద రెండు రైళ్లు ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్న వార్త చదివాను. బొమ్మ కూడా వేశారు. పెట్టెలు ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నాయి. కింద రాసింది నాలుగు వాక్యాలే అయినా, ఆ బొమ్మ నా కళ్లలోంచి పోలేదు.

పోయేటప్పుడు డిపో లారీ దొరికింది. వచ్చేటప్పుడు చిన్నమ్మకు లారీ కుదుపులు మంచివి కావని చిన్న రైలు దగ్గరికి వచ్చాం. పట్టాల మధ్య వెడల్పు నేను ఒక్క అంగలో దాటేంత. పెట్టెలు నాలుగే. లోపల గోడల పొడవునా చెక్క బల్లలు. ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్లు తగులుతాయి. పరకాల, ములుగు దిక్కుల నుంచి బొంగులు కొట్టడానికి వచ్చి ఇళ్లకు తిరిగి పోతున్న కూలీలతో మా పెట్టె నిండిపోయింది. నేను మాత్రం ఒక్కటే చూశాను. పోయే పట్టా ఒకటే. వచ్చే పట్టా లేదు.

నేనెక్కనని మొండికేశాను. అమ్మమ్మ రెక్క పట్టి గుంజుతుంటే గార్డు చూసి దగ్గరికి వచ్చాడు. తెల్ల మీసాలు, వెలిసిపోయిన కోటు. కాజీపేట దిక్కు మనిషి. మా మాట వినగానే ముఖం విప్పారింది. నా భయమేమిటో అడిగి తెలుసుకుని, నవ్వకుండా నన్ను ఇంజిన్ దగ్గరికి తీసుకుపోయాడు. డ్రైవర్ చేతిలో ఉన్న మూరెడు కర్ర చూపించాడు. దానికి ఇత్తడి బిళ్ల కొట్టి ఉంది.

“గీ పట్టాల మీద గీ కర్ర ఒక్కటే ఉంటది బిడ్డా. కర్ర ఎవ్వని చేతుల ఉంటే వాడే బండి తోలాలె. కర్ర మన తాన ఉన్నంతసేపు ఎదురుంగ ఎవ్వడు రాడు. జర గుడ ఫికర్ చెయ్యకు.”

నాకు ప్రాణం లేచి వచ్చింది. పెట్టెలోకి వచ్చి ఆ సంగతి అందరికీ నేనే కనిపెట్టినట్టు చెప్పాను. ఒక ముసలి కూలీ నోట్లోంచి చుట్ట తీసి నన్ను మెచ్చుకున్నాడు. చిన్నమ్మ నా తల నిమిరింది.

మధ్యాహ్నం దాటాక బండి ఒక గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. చుట్టూ టేకు చెట్లు. మనిషి పక్కన నడిచి వచ్చేంత మెల్లగా ఎక్కింది, ఇంకా మెల్లగా ఎక్కింది, ఒకసారి గట్టిగా ఊపిరి వదిలి ఆగిపోయింది. ఆవిరి చాలడం లేదని ఎవరో అన్నారు. చాలాసేపు ఇంజిన్ దగ్గర ఏదో కొట్టిన చప్పుళ్లు వినిపించాయి. తర్వాత అవి కూడా లేవు. నేను కిటికీలోంచి తల బయట పెట్టాను. ఇంజిన్‌లో బొగ్గు వేసే మనిషి పట్టాల పక్క దారిలో గుట్ట మీదికి నడిచి పోతున్నాడు. అతని చేతిలో ఆ కర్ర ఉంది.

కర్ర మన దగ్గర ఉంటేనే కదా ఎవరూ రారు! పత్రికలోని బొమ్మ కళ్ల ముందుకొచ్చింది. నోరు నా వశంలో లేదు.

“కర్ర పోతాంది! మన కర్ర పట్టుకపోతాండు! ఇగ ఎదురుంగ ఇంజిన్ వస్తది, గుద్దుతది!”

కాసేపటి క్రితం నా తెలివిని మెచ్చుకున్నవాళ్లు ఇప్పుడు నా మాటను ఎలా కాదంటారు? మూటలు ఎత్తుకుని, పిల్లలను చంకనేసుకుని, ఒకరి మీద ఒకరు పడుతూ దిగడం మొదలుపెట్టారు. అమ్మమ్మ చిన్నమ్మ చెయ్యి పట్టుకుని తలుపు దగ్గరికి లాక్కుపోయింది. కింద నేల వాలుగా ఉంది, అంతా కంకర. వెనక నుంచి ఎవరో నెట్టారు. చిన్నమ్మ కాలు జారింది. కంకర మీద కూలబడి, రెండు చేతులతో కడుపు పట్టుకుని, గొంతులోంచి చప్పుడు రాకుండా నోరు తెరిచింది.

ఆ ముఖం చూశాక నాకు ఇంజిన్ గుర్తు లేదు. అమ్మమ్మ ఆమె కడుపు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది. నేను అమ్మమ్మ పెదవుల వైపే చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు.

“కదుల్తాంది,” అంది చివరికి. అని, నా వైపు తిరిగింది. “నీ సదువు మీద మన్నువడ! పిల్లను సంపుదువు గదనే!”

అప్పటికి గార్డు చివరి పెట్టె నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. చిన్నమ్మను లేపించి, బల్ల మీద పడుకోబెట్టించి, ఈ గోల ఎవరు మొదలుపెట్టారని అడిగాడు. అన్ని చేతులూ నా వైపే తిరిగాయి. కొడతాడనుకున్నాను.

“పిల్ల అబద్ధం చెప్పలే,” అన్నాడు. “ఎదురుంగ ఇంజినే వస్తది. నేనే పిలిపిస్తాన. గా కర్ర ముందటి టేషన్‌కు వోతెనే మనల గుంజుకపోనీకి ఇంజిన్ రావాలె.”

జనం మళ్లీ కదిలారు. ఆయన చెయ్యెత్తాడు. “సగం ఆమె చెప్పింది, సగం నేను చెప్త. బండి దిగకుండ్రి, ఈ అడివిల గుడ్డెలుగులు తిరుగుతయ్.” అని సంచిలోంచి మూడు తగరపు డబ్బీలు తీసి చూపించాడు. అరచేతిలో పట్టేవి. ఒక్కోదానికి పట్టాను పట్టుకునే రెండు రెక్కలు. మలుపులో మన బండి కనపడదు కాబట్టి ముందుకు పోయి వీటిని పట్టాకు కడతానని, ఇంజిన్ చక్రం పడగానే పటాకుల్లా పేలతాయని, ఆ చప్పుడుకు డ్రైవర్ ఇంజిన్ ఆపుతాడని చెప్పాడు. తర్వాత ఒక పాత కాగితం వెనక పెన్సిలుతో నాలుగు ముక్కలు రాసి నా చేతిలో పెట్టాడు.

“భయం నువ్వే పెట్టినవ్ గద. నేను వచ్చేదాంక నువ్వే సదివి చెప్పాలె అందరికి.”

ఎర్రజెండా చంకలో పెట్టుకుని మలుపు తిరిగి వెళ్లిపోయాడు. నేను పెట్టె మధ్యలో నిలబడి ఆ కాగితం చదివాను. మూడు చప్పుళ్లు వినిపిస్తాయి. ఇంజిన్ ఆగుతుంది. గార్డు ముందు నడుస్తుంటే మెల్లగా వస్తుంది. కొద్దిగా తగిలి కుదుపు వస్తుంది, బల్ల పట్టుకోండి. అంతే ఉంది. అడిగినవాళ్లందరికీ మళ్లీ మళ్లీ చదివాను. చదువుతున్నంతసేపు నా గొంతు వణికింది. చదవడం ఆపితే ఇంకా ఎక్కువ వణుకు వచ్చేది. చిన్నమ్మ నా పావడా అంచు పిడికిట్లో పట్టుకుని పడుకుంది. నొప్పి వచ్చిపోయినప్పుడల్లా ఆ అంచు బిగిసేది.

ఎండ టేకు ఆకుల కిందికి దిగింది. గుట్ట అవతల కూత వినిపించింది. ఇంజిన్ దిగువకు వస్తోంది. చప్పుడు పెరిగింది. పెట్టెలో చంటిపిల్లలు కూడా ఊరుకున్నారు.

ఢాం. ఒకటి, అన్నాను. ఢాం. రెండు.

మూడోది రాలేదు.

అందరూ నన్నే చూస్తున్నారు. నేను కాగితం చూస్తున్నాను. అందులో మూడనే ఉంది. చుట్ట ముసలాయన మెల్లగా అడిగాడు, “మూడోది యాడికి వోయిందే పిల్లా? బీడీ తాగనీకి వోయిందా?” ఒక్కరూ నవ్వలేదు. మూడు విన్నానని అబద్ధం చెబుదామనిపించింది. చిన్నమ్మ పిడికిలి చూసి చెప్పలేకపోయాను. “రెండే పేలినయ్. మూడోది పేలలే,” అన్నాను. ఎవరో దేవుడికి దండం పెట్టుకున్నారు. అమ్మమ్మ చిన్నమ్మ మీదికి వంగి, తన వీపును కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది.

అప్పుడు, దూరంగా, చక్రాలు కీచుమన్నాయి. పొడుగ్గా ఆవిరి వదిలిన చప్పుడు. తర్వాత నిశ్శబ్దం. చాలాసేపటికి మలుపులోంచి ఎర్రజెండా కనిపించింది, దాని వెనక గార్డు తాత, ఆయన వెనక పలుపు పట్టి నడిపిస్తున్న గొడ్డులా బుద్ధిగా నడిచి వస్తున్న ఇంజిన్. కొద్దిగా తగిలి కుదుపు వచ్చింది. బల్ల పట్టుకున్నాం.

గుట్ట అవతలి స్టేషన్లో నీళ్లు తాగడానికి దిగినప్పుడు నేను కాగితం పట్టుకుని ఆయన దగ్గరికి పోయాను. మూడని రాశావు, రెండే పేలాయని కోపంగా అడిగాను. ఏడుపు కూడా వచ్చింది. ఆయన వంగి నా ముఖంలోకి చూశాడు.

“ఒకటి చెమ్మ పట్టుంటది. ఏది పేల్తదో ఏది పేలదో నాకేం ఎరుక బిడ్డా? ఎరుకుంటే ఒక్కటే పెడ్త గద.”

“మరి నీకు భయం కాదా తాతా?”

“ఎందుకు కాదు? ఈ నౌకరీల చేరిన కాన్నుంచి భయపడుకుంటనే ఉన్న. గందుకే మూడు పెడ్త.”

చిన్నమ్మ నొప్పులు ఆ రాత్రికి తగ్గాయి. రెండు నెలల తర్వాత వరంగల్ దవాఖానలో ఆడపిల్లను కన్నది. అమ్మమ్మ చాలాకాలం నా చదువును తిట్టింది గానీ, ఉత్తరం వస్తే నన్నే పిలిచేది.

ఆ రోజు తర్వాత నేను ధైర్యవంతురాలిని కాలేదు. ఇప్పటికీ ప్రయాణమంటే భయం, జ్వరమంటే భయం, పిల్లలు రావడం ఆలస్యమైతే భయం. కాకపోతే భయపడడం తప్పని అనుకోవడం మానేశాను. ఏదైనా చదివి ఎవరికైనా చెప్పేముందు, నేను చదివింది ఎంత, చదవనిది ఎంత అని ఒకసారి చూసుకుంటాను. సగమే తెలిస్తే సగమే తెలుసని మొదట చెబుతాను. ఆ మాట అననందుకు ఒక గర్భిణి కంకర మీద పడింది.

ఇది రాయడంలో నేను మరిచినవి గుర్తుచేసిన మా చిన్నమ్మ సరోజనకు, నా గజిబిజి రాతను శుభ్రంగా ఎత్తి రాసిన మనవరాలు శ్రావణికి, రైల్వే పుస్తకాలు అటకల మీంచి దించి ఇచ్చిన గ్రంథాలయం సదయ్య గారికి కృతజ్ఞతలు. గార్డు తాత పేరు మేం అడగలేదు. పేరు పెట్టి కృతజ్ఞత చెప్పుకోలేని మనిషికి ఇంకోలా చెప్పుకుంటున్నాను. భయం వేసిన రోజున దేవుడి పటం ముందు కూర్చోను. లేచి, ఇంకొక్క జాగ్రత్త ఏం తీసుకోవచ్చో వెతుకుతాను. అది తీసుకున్నాక, ఇది కూడా పని చేయకపోతే అని మళ్లీ లేస్తాను.