డెల్బర్ట్ హౌక్ బెదురు

అమెరికాలోని వయోమింగ్‌లో ఆ లోయకంతా నీళ్లిచ్చే పై కాలువ మీద డెల్బర్ట్ హౌక్ ముప్పయ్యొక్క ఏళ్లుగా లస్కరు. ఏప్రిల్‌లో నీళ్లు వదిలిన రోజు నుంచి అక్టోబరులో కట్టేసేదాకా పద్దెనిమిది మైళ్ల గట్టు మీద తిరుగుతాడు. తూముల షట్టర్లు ఎత్తుతాడు, దించుతాడు. అడ్డం పడిన కొమ్మల్నీ కొట్టుకొచ్చిన దూడ కళేబరాల్నీ పొడుగాటి కొక్కెంతో లాగి గట్టు మీద పారేస్తాడు. నీళ్ల వంతు దగ్గర దుంపల రైతూ గడ్డి రైతూ ఒకరి గొంతు ఒకరు పట్టుకోబోతే మధ్యలో నిలబడి, ఇద్దరిచేతా తిట్లు తింటాడు. అతని నాన్న అర్విన్ కూడా ఇదే గట్టు మీద ఇవే తిట్లు తిన్నవాడు.

పొద్దున లేచి బూట్లు వేసుకున్నాక బెల్టు, బెల్టుకు ఒరలో పొట్టి గొట్టం రివాల్వరు, ఆ తరవాతే టోపీ. ఈ వరస తప్పితే ఏదో మరిచిపోయినట్టు డెల్బర్ట్ గుమ్మం దగ్గర ఆగిపోతాడు. కాలువ పై నాలుగు మైళ్లూ అడవి అంచున పోతుంది. చెర్రీ పొదలు పండే నెలలో గ్రిజ్లీ ఎలుగులు అక్కడికి దిగుతాయి. అలాంటి చోట పొడుగు తుపాకీ భుజాన వేసుకుని షట్టరు చక్రం తిప్పలేరు. నడుముకు అంటిపెట్టుకుని ఉండాలి, పొట్టిగా ఉండాలి, కానీ పేలితే లావుపాటి తూటా బయటికి రావాలి. అందుకే నలభై నాలుగు కాలిబరుది. కాలువ సంఘం వాళ్లిచ్చిన, ఎలుగు ముఖాన చిమ్మే కారప్పొడి డబ్బా కూడా రెండో పక్క వేలాడుతుంది. ఇన్నేళ్లలో నాలుగుసార్లు ఎలుగు ఎదురైంది. నాలుగుసార్లూ ఎలుగు దాని దారిన అది పోయింది, డెల్బర్ట్ తన దారిన తాను పోయాడు. ఆ రివాల్వరుతో అతను చంపినవి రెండు పాములు, ట్రక్కు కొట్టేసి నడుం విరిగిన ఒక జింక. అయినా అది నడుమున లేకపోతే ఆ పై నాలుగు మైళ్లు అతనికి వేరే దేశంలా ఉండేవి.

పాతది ఉక్కుది. బరువుకి తుంటి దగ్గర చర్మం కాయ కాసింది. పోయిన శీతాకాలం ఆయుధాల కొట్టులో దాన్నిచ్చేసి, టైటానియంతో చేసిన కొత్తది తెచ్చుకున్నాడు. అయిదు తూటాల గదులది. నడుముకు ఉందో లేదో తెలియనంత తేలిక. కొట్టువాడు అరచేతిలో పెట్టి, రోజంతా మోసినా బరువే తెలియదన్నాడు. పేల్చినప్పుడు ఏం తెలుస్తుందో చెప్పలేదు, డెల్బర్ట్ అడగలేదు. ముప్పయ్యేళ్ల అనుభవం ఉన్నవాడు అలాంటివి అడగడు. తుపాకీ ఎంత తేలికైతే అంత గట్టిగా తంతుందన్న సంగతి అక్కడి పిల్లలకు కూడా తెలుసు. తెలిసి కూడా ప్రతి ఏడూ ఎవరో ఒక పెద్దమనిషి వెళ్లి తేలికైనదే కొంటాడు.

మార్చిలో కంకర గుంతలోకి వెళ్లాడు. ఊరివాళ్లు తుపాకులు పేల్చుకునే చోటది. కాగితం పళ్లెం ఏడు గజాల దూరంలో కట్టెకు కొట్టి, ఎలుగుల కోసం దాచే బరువు తూటాలు అయిదూ పేల్చాడు. మూడు పళ్లెం కిందుగా ఎడమవైపు మట్టిలో దిగాయి. రెండు పళ్లెం అంచును చింపాయి. మళ్లీ అయిదు, మళ్లీ కిందికి, ఎడమకి. బొటనవేలి మొదట్లో చర్మం చీలి నెత్తురు కారింది. రివాల్వరు ట్రక్కు వెనక తలుపు మీద పెట్టి చూసుకుంటే కుడిచెయ్యి వణుకుతోంది. పావుగంటకు గానీ తగ్గలేదు.

అర్విన్‌కు వణుకుడు జబ్బు మొదలైంది యాభై ఎనిమిదో ఏట. డెల్బర్ట్‌కు ఆ ఫిబ్రవరిలోనే యాభై ఎనిమిది నిండాయి.

నాన్న చివరి ఆరేళ్లూ అతనికి బాగా గుర్తు. ముందు కుడిచేతి బొటనవేలు ఒక్కటే తనలో తాను ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు కదిలేది. తరవాత చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. తరవాత గట్టు మీద నడవలేకపోయాడు. ఆఖరికి తన నోటి దగ్గరికి తన చెంచా తెచ్చుకోలేక, కిటికీలోంచి ఎవరో కొత్త లస్కరు తన కాలువ మీద తిరగడం చూస్తూ కూర్చున్నాడు. సంఘం వాళ్లు ఒక గడియారం ఇచ్చి చేతులు దులుపుకున్నారు. సంఘాలు ఎక్కడైనా అంతే.

కంకర గుంత నుంచి వచ్చాక డెల్బర్ట్ తన చేతిని తానే కాపలా కాయడం మొదలుపెట్టాడు. బల్ల మీద పెట్టి చూసేవాడు. చూసేకొద్దీ కదులుతున్నట్టే ఉండేది. కాఫీ ఎడమచేత్తో తాగాడు. సంతకాలు పెట్టాల్సినవి వాయిదా వేశాడు. రెండు ఆదివారాలు ఎవరూ లేనప్పుడు మళ్లీ గుంతకు వెళ్లి పేల్చి చూసుకున్నాడు. ప్రతిసారీ కిందికి, ఎడమకి, ఆ తరవాత వణుకు. భార్య రొవీనా వారం రోజులు చూసి, ఎనిమిదో రోజు అడిగింది.

"ఆ చేతికేమైంది?"

"ఏం కాలేదు."

"మరి దాన్ని దొంగసొత్తులా జేబులో దాస్తావెందుకు?"

ఆమెకు అర్థమైంది, ఎందుకంటే అర్విన్‌కు ఆరేళ్లు గుండీలు పెట్టింది ఆమే. ఇంకేమీ అడక్కుండా మర్నాడు బిల్లింగ్స్ పట్నంలో నరాల డాక్టరుకు ఫోను చేసింది. జూన్ పద్దెనిమిది దాకా ఖాళీ లేదన్నారు. అప్పటికింకా ఏప్రిల్ రెండో వారం. ఆ దేశంలో జబ్బు కూడా వరసలో నిలబడాల్సిందే.

నీళ్లు వదిలే ముందు సోమవారం సంఘం సమావేశం. ఆ రోజు పై కాలువ వేరేవాళ్లకు అప్పగించమని తానే చెప్పేద్దామని డెల్బర్ట్ నిర్ణయించుకున్నాడు. చెయ్యి వణికేవాడు నలభై నాలుగు కట్టుకుని ఎలుగుల మధ్య తిరగకూడదు. ఎలుగు సంగతి సరే, గట్టు మీద చేపలు పట్టుకునేవాళ్లు ఉంటారు. నాన్నలా వాళ్లు వచ్చి తీసేసేదాకా ఆగడం అతనికి ఇష్టం లేదు. రివాల్వరు కూడా అమ్మేయాలనుకున్నాడు. దానికి మాత్రం నాడీన్ టోల్మన్ దగ్గరికి వెళ్లాలి.

కంకర గుంత తాళంచెవి నాడీన్ దగ్గరుంటుంది. డెబ్భై ఆరేళ్ల మనిషి. నలభై ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. ఆ ఊళ్లో సగం మంది ఆమె బస్సులో కూర్చుని ఆమె చేత చీవాట్లు తిన్నవాళ్లే, డెల్బర్ట్‌తో సహా. ఇప్పుడు శనివారాలు గుంత దగ్గర మడతకుర్చీ వేసుకుని, చెవులకు చప్పుడు ఆపే డిప్పలు పెట్టుకుని, కాల్చేసిన తూటాల డొప్పలు ఏరుకుని మళ్లీ మందు నింపుకుంటుంది. ఎవరి తుపాకీ ఎవరు కొంటారో ఆమెకు తెలిసినంత ఆయుధాల కొట్టువాడికి కూడా తెలియదు.

శనివారం పొద్దున డెల్బర్ట్ వెళ్లి, ఇది అమ్మాలి, ఎవరైనా ఉంటే చెప్పండన్నాడు. ఆమె రివాల్వరు తీసుకుని సిలిండరు తెరిచి, ఖాళీగా ఉందో లేదో వేలుపెట్టి తడిమి, గొట్టంలోంచి ఆకాశం చూసింది. నాలుగు నెలలు కూడా కాలేదు కదా, ఏం రోగం వచ్చింది దీనికి అని అడిగింది. దీనికేం రాలేదన్నాడు డెల్బర్ట్. ఆ మాటలో ఏం వినిపించిందో, ఆమె డిప్ప ఒక పక్కకు జరిపి అతన్ని పరీక్షగా చూసింది.

"పేల్చి చూపించు. చూడకుండా నేనెవరికీ అంటగట్టను."

"అక్కర్లేదమ్మా. బాగానే ఉంది."

"ఏరా డెల్, బస్సు ఎక్కమంటే కూడా ఇలాగే నసిగేవాడివి. అటు తిరిగి నిలబడు. తూటాలు నేను పెడతా."

అతను పళ్లెం వైపు తిరిగాడు. వెనక సిలిండరు తిరిగిన చప్పుడు, మూసిన చప్పుడు వినిపించాయి. గొట్టం నేల వైపు ఉంచి చేతికిచ్చింది. రెండు చేతులా పట్టుకుని ఎత్తాడు. చెయ్యి చూస్తుందేమోనని భయం. ట్రిగ్గరు లాగాడు. రివాల్వరు నుదుటి దాకా ఎగిరింది. పళ్లెం కింద మట్టి లేచింది, ఎడమవైపు.

రెండోసారి లాగాడు. పేలలేదు. టిక్కుమంది, అంతే. కానీ ఆ టిక్కుతో పాటే గొట్టం మూతి జానెడు కిందికి, ఎడమవైపుకి, ఎవరో గట్టిగా గుంజినట్టు పడిపోయింది. తన చేతులు తనకు తెలియకుండా చేసిన పనిని డెల్బర్ట్ నోరు తెరుచుకుని చూశాడు.

నాడీన్ కానివ్వమన్నట్టు గడ్డం ఎగరేసింది. మూడోది పేలింది. నాలుగోది టిక్కుమంది, మళ్లీ జానెడు కిందికి. అయిదోది కూడా టిక్కే. ఆమె రెండు మంచి తూటాలకు మూడు కాల్చేసిన డొప్పలు కలిపి పెట్టింది. ఎన్నోది పేలుతుందో పేల్చేవాడికి తెలియదు. పేలితే ఆ తన్నుడులో మనిషి చేసే తప్పు కనిపించదు. పేలనప్పుడు దాచడానికేమీ ఉండదు.

ఆమె అతని చేతిలోంచి రివాల్వరు తీసుకుని తెరిచి పక్కన పెట్టింది. గొంతు తగ్గించింది. ఆ జిల్లాలో మగవాడు రెండు విడాకులు ఒప్పుకుంటాడు, తాగి ట్రక్కును కాలువలో పడేశానని నవ్వుతూ చెప్పుకుంటాడు, కానీ తన నడుమునున్న తుపాకీకి తాను భయపడుతున్నానని చచ్చినా ఒప్పుకోడు. ఆమెకది తెలుసు. అందుకే పక్కనెవరూ లేకపోయినా మెల్లగా చెప్పింది.

"బెదురుతున్నావురా అబ్బాయ్. పేలకముందే దెబ్బ తగులుతుందని కిందికి నొక్కేస్తున్నావు."

"బెదురేనా?"

"బెదురే."

"వణుకు కాదా?"

"వణుకెక్కడ? టిక్కుమనేదాకా నీ తుపాకీ మూతి ఇనప స్తంభంలా నిలబడింది. నీ చెయ్యి బాగుంది. నీ ధైర్యమే పాడైంది."

డెల్బర్ట్ ట్రక్కు వెనక తలుపు మీద కూర్చుండిపోయాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో దారి తప్పి కళ్లలోకి వెళ్లింది. నాడీన్ కంగారుపడింది. అవమానమైందేమోననుకుని, ఇది అందరికీ ఉండేదేననీ, నలభై ఏళ్లు పేల్చినవాళ్లకు కూడా వస్తుందనీ సర్దిచెప్పబోయింది. అప్పుడతను నాన్న సంగతి చెప్పాడు. మార్చి నుంచి తాను చేతిని ఎలా దాచుకున్నదీ, సోమవారం ఏం చెప్పబోతున్నదీ అంతా చెప్పేశాడు. ఇన్ని మాటలు అతను ఏడాదిలో కూడా మాట్లాడి ఉండడు.

ఆమె మధ్యలో అడ్డం రాకుండా విని, కాసేపు అర్విన్‌ను గుర్తుచేసుకుంది.

"మీ నాన్న చెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడు ఆడేది. మొదట్లో ఏదైనా పట్టుకుంటే కాస్త కుదుటపడేది. నీది ఇలాంటి పిశాచాన్ని అయిదుసార్లు పేల్చాక వణుకుతోంది. ఆ దెబ్బకి నా గేటు స్తంభం కూడా వణుకుతుంది. నేను డాక్టర్ని కాదు, జూన్‌లో వెళ్లి చూపించుకో. కానీ నేను చూసింది మాత్రం బెదిరిన మనిషిని."

ఆ తరవాత గంటసేపు ఆమె అతని చేత పని చేయించింది. ముందు ఖాళీ రివాల్వరుతో ఇరవైసార్లు ట్రిగ్గరు లాగించింది. తరవాత తన పెట్టెలోంచి అదే కొలతకు సరిపోయే పొట్టి తూటాలు, మందు తక్కువ వేసినవి, తీసి పెట్టింది. ఎలుగు వచ్చినా నువ్వు ముందు తీసేది ఆ పక్కనున్న కారప్పొడి డబ్బానే కదా, మరి రోజూ ఈ గాడిద తాపులెందుకు అంది. మధ్య మధ్య డొప్పలు కలుపుతూనే ఉంది. పదోసారి టిక్కుమన్నప్పుడు గొట్టం రెండు వేళ్లే దిగింది. చివరి అయిదింటిలో నాలుగు పళ్లెంలో పడ్డాయి. అమ్మకం ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇంటికి వచ్చేసరికి రొవీనా పెరట్లో నాటడానికి బంగాళాదుంపల్ని ముక్కలు కోస్తోంది. డెల్బర్ట్ గేటు దగ్గర నుంచే చెప్పాడు.

"నాకు భయమట."

"దేనికి?"

"నా రివాల్వరంటే. నాడీన్ తేల్చేసింది. జబ్బు కాదు, పిరికితనం."

రొవీనా కత్తి పక్కన పెట్టింది. అతని కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, తిప్పి, బొటనవేలి మొదట్లో చీలిన చోటు చూసింది. చాలాసేపు వదల్లేదు. అది ఊరికే పడుకున్న పిల్లిలా ఆమె చేతుల్లో కదలకుండా ఉంది. పిరికివాడితో ఇంకో ముప్పయ్యేళ్లు బతకడానికి తనకేమీ అభ్యంతరం లేదంది. తరవాత లోపలికి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చింది.

జూన్ పద్దెనిమిదిన బిల్లింగ్స్ డాక్టరు అతన్ని నడిపించాడు, వేళ్లు ఆడించమన్నాడు, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోమని పక్కనుంచి గమనించాడు. ఏ జబ్బు గుర్తులూ కనబడలేదని చెప్పి పంపేశాడు. కానీ అప్పటికి డెల్బర్ట్‌కు రెండు నెలలుగా నిద్ర బాగానే పడుతోంది.

ఏప్రిల్‌లో ఆ సోమవారం సమావేశంలో అతను పై కాలువ వదులుకోలేదు. షట్టర్ల గ్రీజు గురించీ, కూలిన కల్వర్టు గురించీ చెప్పాల్సింది చెప్పాడు. ఇంకేమైనా ఉందా అని అధ్యక్షుడు మాటవరసకు అడిగితే, ఉందన్నాడు. కొత్త రివాల్వరు కొన్నప్పటి నుంచీ తాను బెదురుతున్నాననీ, ఇక శనివారాలు నాడీన్ దగ్గర నేర్చుకోబోతున్నాననీ మామూలు గొంతుతో, వాన పడిందని చెప్పినట్టు చెప్పాడు.

గదిలో పదకొండు మంది. ఎనిమిది మంది నడుముల మీద ఏదో ఒకటి ఉంది. ఎవరూ నవ్వలేదు. అందరూ ఎవరి బూట్లు వాళ్లు చూసుకున్నారు. ఒకడు దగ్గాడు. ఇంతకంటే అర్విన్ జబ్బే వచ్చిందని చెప్పినా వాళ్లకు ఇంత ఇబ్బంది ఉండేది కాదేమో. డెల్బర్ట్ మాత్రం ఈల వేసుకుంటూ బయటికి నడిచాడు.

ఆ తరవాతి శనివారం అతను గుంతకు వెళ్లేసరికి అక్కడ మూడు ట్రక్కులున్నాయి. ముగ్గురూ సంఘం వాళ్లే. ఒకరినొకరు చూడకుండా దూరదూరంగా నిలబడి, కంకర వైపు ముఖం తిప్పి ఉన్నారు. నాడీన్ వాళ్ల వెనక కుర్చీలో కూర్చుని, ఒళ్లో డొప్పలు పోసుకుని, అధ్యక్షుడి రివాల్వరు నింపుతోంది.