అక్క నోరు, అక్క మాట

మొన్న అక్క మనవరాలు బడిలో మాట్లాడిన వీడియో మా అందరి ఫోన్లకూ వచ్చింది. పిల్ల పెదవులు ముందు కదులుతున్నాయి, మాట వెనక నుంచి తాపీగా వస్తోంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం తెలంగాణ ఉద్యమం రోజులూ, మాదాపూర్‌లో నేను పనిచేసిన చిన్న వీడియో ఆఫీసూ, అక్కడ ఏసీ కింద ఎప్పుడూ ఉండే బకెట్టూ గుర్తొచ్చాయి. పెళ్లి క్యాసెట్లను డిస్కుల్లోకి మార్చడం మా పని.

అక్క ఆ దగ్గర్లోనే ఓ అద్దాల మేడలో హౌస్‌కీపింగ్ చేసేది. అత్తగారి ఊళ్లో ఆమెకు నోరు లేనిదని పేరు. బావగారి అన్న ఎదురైతే కొంగు సవరించుకుని పక్కకు తప్పుకోవడమే ఆ ఇంటి కోడళ్ల మర్యాద. ఇక మాట్లాడటం ఎక్కడ! అలాంటి మనిషి, మియాపూర్ చౌరస్తాలో నిరసనగా వంటావార్పు చేసిన రోజు, నడిరోడ్డు మీద పొయ్యి పక్కన నిలబడి, అన్నం వండిన గంజు మీద గరిటెతో టంగుమని కొట్టి జనాన్ని చేర్చి మాట్లాడింది. మా పిల్లలు కూడా ఈ మేడలు తుడవాల్సిందేనా, లోపల కుర్చీలకు పనికిరారా అని అడిగింది. చివర్లో మళ్లీ టంగుమనిపించి అన్నం వడ్డించింది. అంతా ఫోనులో తీశాను.

దాన్ని డిస్కుగా మార్చి ఊరికి పంపాను. మొదట్లో బాగానే ఉండి, పోను పోను మాట వెనకబడింది. యువజన సంఘం టీవీలో చూసిన బావగారి అన్న, ఎవరో మాట్లాడితే ఈమె నోటికి అతికించారని తేల్చేశాడట. ఊరంతా అదే మాట. అక్క మా ఆఫీసుకొచ్చి కూర్చోకుండానే అంది: "తమ్మీ, తిడితె పడ్త. నా మాట నాది కాదంటె ఎట్ల ఊకుంట? జర సక్కగ చెయ్యి."

మా ఇన్‌ఛార్జి కోస్తా నుంచి వచ్చిన మంచి మనిషే గానీ గొడవలంటే భయం. "ఎందుకండీ తలనొప్పి, మాటలు తీసేసి సన్నాయి పెట్టేయండి" అన్నారు. మా దగ్గర అన్ని రోగాలకూ సన్నాయే మందు. పెళ్లిలో వియ్యపురాలి అలక వినపడినా అదే వేసేవాళ్లం. నాకు ఒళ్లు మండింది. అక్క గొంతు తీసేది లేదు, కావాలంటే నన్ను తీసేయండి అన్నాను. ఆయన టీ తాగడానికి వెళ్లిపోయారు.

మొదట మాటను మొత్తంగా కాస్త ముందుకు జరిపాను. చివర కుదిరింది, మొదలు చెడింది. అప్పుడు తెలిసొచ్చింది. ఫోను వెలుతురును బట్టి ఒక సెకనులో ఎక్కువ ఫ్రేములు, ఇంకో సెకనులో తక్కువ తీసింది. మా సాఫ్ట్‌వేర్ అన్నీ సమానమనుకుని పేర్చేసింది. అసలు ఫైలు మళ్లీ తీసుకుని, ముందు ఫ్రేముల వేగం అంతటా ఒకేలా ఉండేట్టు చేసి, ఆ తర్వాతే డిస్కుకు మార్చాను. గరిటె దెబ్బలతో సరిచూసుకున్నాను. మొదటి దెబ్బకు గరిటె గంజును తాకగానే టంగుమంది, చివరి దెబ్బకూ అంతే. మధ్యలో ప్రతి మాటా అక్క పెదవుల మీదే ఉంది.

ఈసారి డిస్కు పట్టుకుని అక్కే ఊరికి బయల్దేరింది, వెంట నేను. యువజన సంఘంలో వీడియో అయిపోయాక బావగారి అన్న బీడీ వెతుక్కున్నాడు. అక్క కొంగు సవరించుకోలేదు, పక్కకు తప్పుకోలేదు. ఆయన ఎదురుగానే నిలబడింది.

"బావా, టీవీల నేనే. గీడ గూడ నేనే. అనుమానముంటె అడుగున్రి, మల్ల చెప్త."

ఆయన బీడీ కట్ట పట్టుకుని బయటికి నడిచాడు.

నిన్న మనవరాలి వీడియో సరిచేసి పంపాను. రాష్ట్రం వచ్చాక, ఉద్యమంలో గట్టిగా మాట్లాడిన ఎందరి మాటో ముఖం నుంచి జారిపోవడం చూశాను. ఇన్నేళ్ల కాలం కూడా మా అక్క మాటను ఆమె నోటి నుంచి విడదీయలేకపోయింది.