పెద్దాయన సగమే విన్న పేజీ

నిన్న పొద్దున దోసె తుంచుకోబోతుంటే ఫోనులో మెసేజి వచ్చింది. మా వెబ్‌సైటు పేరుకు గడువు ఈ నెలతో అయిపోతుందట, కొనసాగిస్తారా అని. అందులో కొత్త వార్త పెట్టి ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు. అయినా వద్దని నొక్కడానికి వేలు రాలేదు. దోసె చల్లారిపోయింది. వేముల పెద్దాయన గుర్తుకొచ్చాడు.

ఆ సైటును ప్రొద్దుటూరులో, బట్టల అంగడి మీది గదిలో, నేనూ మా బావమరిదీ మొదలుపెట్టాం. బొమ్మల కథల పుస్తకాలు, కార్టూన్ సినిమాలు, విదేశీ సూపర్‌హీరోల కబుర్లు, అన్నీ తెలుగులో. "తిన్నదరక్క చేస్తాండారు" అనేది మా ఆవిడ. బయట ఎండకు కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చుంటే, మేం లోపల ఎక్కడో మంచుకొండల్లో ఎగిరే వీరుడి కొత్త అంగీ రంగు గురించి కొట్లాడుకునేవాళ్లం. అయితేనేం, పాఠకులు వచ్చారు! ఏ వార్తయినా ముందు మేమే వేయాలన్న యావ కూడా వాళ్ల వెంటే వచ్చింది.

వేములలో ఉండే ఆ పెద్దాయన వయసులో ఉండగా పిల్లల పత్రికల్లో బొమ్మల కథలు వేసినవాడు. ఆ బొమ్మల కోసమే మేమిద్దరం కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాం. ఒకరోజు మా బావమరిది పులివెందుల నుంచి బస్సులో వస్తూ ఫోను చేశాడు. "బావా, వేముల పెద్దాయన పోయినాడు. రోడ్డు మింద ఫ్లెక్సీ కట్టినారు, దండేసిన ఫోటో నేనే సూసినా. బిన్నా ఏయి, ఆల్చెమయితే ఇంకెవురన్నా ఏసేస్తారు!" వేసేశాను. వాళ్లింటికి ఒక ఫోను చేసి కనుక్కుంటే నా సొమ్మేం పోయేది? రాస్తూ ఏడ్చాను కూడా. తీరా చూస్తే ఆ ఫ్లెక్సీ ఆయన అన్న పోతే, దివసాలకు కట్టింది. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ముక్కు, ఒకటే మీసం.

మరుసటిరోజు పెద్దాయనే ఫోను చేశాడు. "ఏమప్పా, నన్ను గూడా సంపేస్తిరి గదా!" అన్న పోయిన దుఃఖంలోనూ నవ్వుతున్నాడు. సిగ్గుతో ఏవో క్షమాపణలు గొణిగి ఫోను పెట్టేసి, ఆ పేజీ మొత్తం తీసి పారేశాను. కింద పాఠకులు ఆయన గురించి రాసిన మాటలన్నీ దాంతోపాటే పోయాయి.

కాసేపటికి మళ్లీ ఫోను. ఈసారి నవ్వు లేదు. "అదెందుకు తీసేస్తివప్పా? మా మనమరాలు సదివి ఇనిపిస్తాండె. జమ్మలమడుగులో ఎవురో, నా బొమ్మల కోసరమే బడికి పోయినా అని రాసినాడంట. ఇంకా సగం ఇనాల్సి ఉండె. నా బొమ్మలు ఇంతమందికి గుర్తుండాయని నాకు ఇప్పుడే గదప్పా తెలిసింది."

కంప్యూటర్ల పని తెలిసిన వాళ్లందరినీ బతిమాలాను. ఆ పేజీ తిరిగి రాలేదు. ఆయన బతికే ఉన్నాడు, దయచేసి మళ్లీ రాయండని పాఠకులను వేడుకున్నాను. బతికున్న మనిషికి జనం ఏం రాస్తారు? 'నూరేళ్లు చల్లగా ఉండాలి' అని తలా ఒక ముక్క పడేసి పోయారు. "పోనీలేప్పా" అన్నాడు పెద్దాయన. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

కొన్నేళ్లకు ఆయన నిజంగానే పోయాడు. ఈసారి ఇంటికి వెళ్లి, దండం పెట్టుకుని వచ్చి రాశాను. అప్పటికి మా పాఠకులు ఇంకెక్కడికో పోయారు. ఆ వార్త కింద ఇప్పటికీ ఉన్నది మా బావమరిది పెట్టిన దండం బొమ్మ ఒక్కటే.

గడువు పొడిగించాను. "ఎవురు సూస్తారని?" అంది మా ఆవిడ. ఎవరూ చూడరు. మనిషి పోకముందే పోయాడని రాసేంత తొందరపడ్డ నేను, ఆ మిగతా సగం ఆయన వినేదాకా పేజీ తీసేయకుండా ఒక్క పూట ఆగలేకపోయాను.