బటన్ మీది అరచేయి

ఏడో తరగతిలోనే బడి నన్ను భరించలేక చేతులెత్తేసింది కాబట్టి, నాందేడ్‌లోని రక్తపరీక్షల ల్యాబులో సీసాలు మోసే కొలువు దొరికింది. అక్కడి ఆపరేటరక్కకు ఒక అలవాటు. కంప్యూటర్ మొరాయిస్తే చాలు, ఎవరూ నొక్కకుండా పవర్ బటన్‌ను అరచేత్తో కప్పేది, కోడి గుడ్లను కప్పినట్టు.

దసరా ముందు రోజు, పనిముట్లకు పూజ చేసే ఖండే నవమి నాడు యంత్రాలకు సెలవని ల్యాబు యజమాని సేటు, అన్నీ నడుస్తుండగానే మెయిన్ స్విచ్ ఆపేసి, సర్వర్‌కు బంతిపూల దండ వేశాడు. కరెంటు మళ్ళీ వేస్తే రిపోర్టులు తెరుచుకోలేదు. ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే జర్నల్ ఫైలు సగంలో తెగిపోయింది.

"గా ఫైలు తీసి పారెయ్యి, తెరుచుకుంటది," అంటూ సేటు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. వెనక ఒక తల్లి: "నరం దొరకక పొద్దుగాల పిల్ల మస్తు ఏడ్చింది. మళ్ళ సూది పొడుస్తరా?"

సర్వరున్న ఆ అద్దాల గదిలో అక్కకు కదిలే దారి లేదు. "పారేస్తే పొద్దటి రిపోర్టులన్ని పోతయి సేట్. ముందుగాల కాపీ తియ్యనియ్యి," అంది, బటన్ మీంచి చెయ్యి తీయకుండా.

ఆ కాపీ మీదనే జర్నల్‌ను తెగిన చోటు దాకా చదివించి, రిపోర్టులను తిరిగి రాయించింది. పిల్ల రిపోర్టు దొరికింది. తెగిన చోట ఉన్న సేటు షుగర్ రిపోర్టు ఒక్కటే పోయింది. సేటు మళ్ళీ సూది పొడిపించుకున్నాడు.

"అక్కా, వచ్చే ఏడు దీనికి కొబ్బరికాయ కొట్టొద్దా మరి?" అని గెలికాను.

"కొట్టుర. కని బతికుండంగ కొట్టు, సంపినంక కాదు."