బిట్ కిందికి దించిన చంద్రయ్య కాక

నిన్న పొద్దున తాండూరు నుంచి చిన్నమ్మ ఫోన్. "మీ కాక లేడు బిడ్డా."

నమ్మలేదు. మొన్న శనివారమే నా వర్క్‌షాప్‌లో కూర్చుని రెండు చాయ్‌లు తాగి మూడోది అడిగిన మనిషి!

తెలియనివాళ్లకు చెప్తాను. చంద్రయ్య కాక మా నాన్న దోస్తు. తాండూరులో యాభై ఏళ్లు ఉలి పట్టిన వడ్రంగి. వికారాబాద్‌లో నా ఫర్నిచర్ షాపు ఈరోజు తెరిచి ఉందంటే ఆయన వల్లే.

కొత్తలో నేను చెక్కలో గాడులు కోసే రౌటర్ మెషిన్, డవ్‌టెయిల్ జిగ్ కొన్నాను. జిగ్ అంటే దువ్వెన లాంటి అచ్చు. దాని వెంట మెషిన్ నడిపితే డ్రాయర్ మూలల్లో చెక్కకు పళ్లు, గాడులు పడతాయి. అవి ఒకదాంట్లో ఒకటి కూర్చుంటే మేకు అక్కర్లేదు. వీడియోలో చూస్తే ఐదు నిమిషాల పని.

నా మొదటి ఆర్డర్ ఒక బట్టల షాపుకి పన్నెండు డ్రాయర్లు.

తొలి జాయింట్ చేత్తో పట్టుకుంటే ముసలాయన పన్నులా ఊగింది. లూజుగా ఉందంటే మెషిన్ ఎక్కువ కోస్తోంది అనుకున్నా. మెషిన్ కింద గిర్రున తిరిగి చెక్కను కోసే బిట్‌ని కొంచెం పైకి ఎత్తా. ఇంకా లూజు. ఇంకా ఎత్తా. ఈసారి ముట్టుకోకుండానే ఊడిపోయింది.

ఇక రంపపు పొట్టులో జిగురు కలిపి సందుల్లో కూరాను. ఎంత అసహ్యంగా ఉందో చెప్పలేను.

ఇంట్లో అందరిదీ ఒకటే పాట, "మిషన్ వాపస్ ఇచ్చెయ్." ఆ ఆర్డర్ పోతే షాపుకి తాళం వేసి బ్యాంకు పరీక్షలకు చదవాల్సిందే. ఒక మూల కూర్చుని ఏడ్చాను కూడా.

నాన్న చెప్పాడేమో, మర్నాడు కాక రైలెక్కి వచ్చాడు. మెషిన్‌ని నాలుగు తిట్లు తిడతాడనుకున్నా. దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"నాకు గీ మిషన్ తెల్వదు బిడ్డా. సూద్దాం పా. రెండు తుక్కు చెక్కలు తే."

యాభై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి 'తెల్వదు' అని అంత తేలిగ్గా అనగా నేనెప్పుడూ వినలేదు.

బిట్ ఊడదీసి, కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఒకటే నవ్వు.

"గిది కింద ఎడల్పు, మీద సన్నం. లోతుకు దించితె గాడి మూతి సన్నమైతది, పండ్లు లావైతయ్. గప్పుడు బిగుస్తది. నువ్వేమో ఎత్తుకుంట పోయినవ్!"

దారమంత దించాం. తుక్కు చెక్క మీద కోశాం. మెరుగే. ఇంకో దారమంత దించాం.

ఈసారి సగం చేత్తో దిగింది. మిగతా సగం కొయ్య సుత్తితో రెండు దెబ్బలు. కాక దాన్ని తలకిందులు చేసి ఊపాడు. కదిలితే ఒట్టు!

నాకంటే ముందు ఆయనే చప్పట్లు కొట్టాడు. కొత్త చెక్క తెచ్చి పన్నెండు డ్రాయర్లూ మళ్లీ కోశాం. టైమ్‌కే ఇచ్చాం.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. కాక ఆ మెషిన్‌తో ప్రేమలో పడ్డాడు.

ప్రతి శనివారం ఏదో సాకుతో దిగేవాడు. పోపుల పెట్టె, మందుల పెట్టె, కళ్లద్దాల పెట్టె. ఆఖరికి ఆ పెట్టెలన్నీ పెట్టుకోవడానికి ఇంకో పెట్టె.

ఒకరోజు చిన్నమ్మ ఫోన్ చేసి, "ఇంట్ల మనిషి కూసునే జాగ లేదు. మీ కాకను గూడ నీ కాడనే ఉంచుకో" అంది. స్పీకర్‌లో విని కాక పగలబడి నవ్వాడు.

నిన్న తాండూరులో ఆయన్ని సాగనంపడానికి వెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన నన్ను చూసి, "గీ పిల్ల ఎవరు?" అని అడిగాడు.

చిన్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"వికారాబాద్ మేస్త్రి. మా ఆయన ఇంట్ల గట్లనే అంటుండె."

నా ముందు ఒక్కసారి కూడా అనలేదు, దొంగ.

పోయిరా కాకా. నీ చేతులకు ఇక రెస్ట్. ఎక్కడున్నా నీ మనసు చల్లగా ఉండాలి.