వదిన చీల్చిన మైకా రేకు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. వదిన పోయిందని నకిరేకల్ నుంచి ఫోను వచ్చినప్పుడు నాకు ముందుగా వచ్చింది ఏడుపు కాదు, కోపం. కోపంతో రాస్తే అది స్మృతి కాదు, ఫిర్యాదు. కానీ పదోనాడు అందరి ముందు చెప్పాలనుకున్నది చెప్పలేకపోయాను. ఇక మీకే చెప్పుకోవాలి.

మా అన్నకు మైకుసెట్ల దుకాణం. పెళ్ళిళ్ళకు, పీర్ల పండుగలకు సెట్లు కిరాయికి ఇచ్చేవాడు. చెడిపోయిన ఆంప్లిఫయర్లు బాగుచేయించేవాడు. చేయించేవాడు అనే అంటున్నాను. బోర్డు మీద అన్న పేరు, లోపల స్టూలు మీద వదిన.

ఆంప్లిఫయరులో ట్రాన్సిస్టర్లు బాగా కాగుతాయి. ఆ వేడి దిగిపోవడానికి వాటిని అల్యూమినియం దిమ్మెకు బిగిస్తారు. చిక్కేమిటంటే వాటి వీపు మీదే కరెంటు ఉంటుంది. దిమ్మెకు తగిలితే డబ్బా అంతా కరెంటే. అందుకని మధ్యలో ఒక రేకు పెట్టాలి. అది వేడిని పోనివ్వాలి, కరెంటును ఆపాలి. ప్లాస్టిక్ పెడితే కరుగుతుంది. కాగితం మాడుతుంది. ఏది పెట్టినా మందంగా ఉంటే వేడి లోపలే కూర్చుంటుంది. వదిన నమ్మింది మైకాను, అంటే అభ్రకాన్ని.

అభ్రకమంటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా వాగు ఇసుకలో మెరిసే తునకలు ఏరి, వెండి అనుకుని చాలాకాలం దాచుకున్నాను. వదినకు చెబితే నవ్వింది. "వెండైతె ఏం జేసెటోనివి మరిదీ, కడియం తొడిగెటోనివా? గిదైతె నా సెట్టన్న నడుస్తది."

బ్లేడు మొనతో రేకును పొరలుగా చీల్చేది. ట్యూబులైటుకు ఎదురుగా పట్టి, సూదిబెజ్జమంత చిల్లు కనిపించినా పారేసేది. దిమ్మె మీద వేలితో రాసి గరుకుందేమో చూసేది. సెట్టు బయటికి పోయేముందు చేతి వెనకవైపుతో డబ్బాను తాకేది. "అరచేత్తోని వడితె కరెంటు ఇడ్వదు," అనేది.

ఆమె మంచితనం గురించి రాయమంటే నాకు కష్టం. నోరు పెద్దది. ఒకాయన తొందరపడి "గింత సన్నం రేకుకు గింతసేపా అక్కా?" అన్నాడు. "నీ మీసం దీనికన్న సన్నముంది. దాన్ని దువ్వెతందుకు నీకెంతసేపు?" అంది. ఆయన మళ్ళీ రాలేదు. ఒకసారి పంతానికి మరీ పలుచగా చీల్చింది. దిమ్మె గరుకు గుచ్చుకుని పెళ్ళి మధ్యలో సెట్టు కాలిపోయింది. "సన్నమని మురిసిన. సన్నముంటె సాలదు, తట్టుకోవాలె," అంది. ఇలాంటి మాటను తెచ్చి మనుషుల మధ్య రేకులా నిలిచే ఇల్లాళ్ళకు అన్వయించి చక్కగా రాయొచ్చు. అట్లా రాస్తే ఆమె ఊరుకోదు.

అన్న పోయాక దుకాణం కొడుకు చేతికి వచ్చింది. రాష్ట్రం వచ్చిన తర్వాత బతుకమ్మకు చౌరస్తా చౌరస్తాకూ మైకులే. తేలికపాటి కొత్త సెట్లు తెచ్చాడు. ఒక పండుగకు మైకా అయిపోయింది.

"మైకా బదులు ప్లాస్టిక్ కవరు ముక్క వెట్టినవేందిరా?"

"ఇయ్యాల్టికే అమ్మా. రేపు మారుస్త."

"పాత డబ్బల సెట్టు కాలేది. గీ కొత్త సెట్లల్ల మెయిను కరెంటు ఉంటదిరా. మనిషి కాల్తడు."

"నీ లొల్లి ఆపు జర."

ఆ సాయంత్రం పాట పాడుతున్న ఒకామె మైకు పట్టుకుని పట్టుకున్నట్టే పడిపోయింది. బతికింది గానీ, కుడిచేతి వేళ్ళు ఇప్పటికీ ముడుచుకోవు. మర్నాడు జనం దుకాణం మీదికి వచ్చారు. "రేకులు వెట్టేది ముసల్ది గాదా! కండ్లు కనవడక ఏదో వెట్టింది," అన్నారు. వదిన తన కొడుకు వైపు చూసింది. వాడు స్క్రూడ్రైవరు తుడుచుకుంటున్నాడు.

ఇదంతా ఆమే చెప్పింది నాకు. ఆ రోజు నుంచి దుకాణం మెట్టు ఎక్కలేదు.

"నువ్వన్నా చెప్పొచ్చు గద వదినా?"

"నేను జెప్తె సాకంటరు. ఆడు జెప్తె నిజమైతది. సూద్దాం."

చూసింది. కొడుకు ఇంట్లోకి వచ్చినప్పుడల్లా టీవీ గొంతు తగ్గించేది, ఏమైనా అంటాడేమోనని. వాడు అన్నం పెట్టమనేవాడు. ఏళ్ళు పోయాయి. చివరికి దవాఖానలో కూడా, వాడు పక్కన కూర్చుంటే ఆక్సిజన్ మాస్కు పక్కకు జరుపుకుని వాడి మొహం చూసిందట.

పదోనాడు షామియానా వేశారు. మైకుసెట్టు కొడుకుదే. చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు లేచి, ఇల్లు చక్కగా నడిపిన ఇల్లాలన్నారు. దుకాణం మాట ఒక్కరూ ఎత్తలేదు. నన్ను పిలిచారు. కవరు ముక్క సంగతి చెప్పాలనే లేచాను. మైకు నోటి దగ్గర పెట్టుకోగానే పెదవికి కరెంటు చురుక్కుమంది. మైకు చేతిలోంచి జారి కింద పడింది.

కొడుకు వచ్చాడు. నా మొహం చూడలేదు. మైకు తీసి, జేబురుమాలు చుట్టి, తర్వాతి ఆయనకు ఇచ్చాడు.